సగం తల

చేతిలో ఉన్న తల పూర్తయ్యేదాకా దువ్వెన ఎవరు పిలిచినా కదలడు. షాపులో అందరికీ తెలిసిన సంగతే. అయినా బావమరిది మేడమెట్ల మీద నిలబడి పిలుస్తూనే ఉన్నాడు.

"బావా, సూదమ్మ వచ్చి కూర్చుంది. మత్తుమందు పూసి నానబెట్టాలి కదా. రా త్వరగా."

కుర్చీలో ఉన్న లారీ డ్రైవరు మెడ మీద కత్తి నడుస్తోంది. దువ్వెన బొటనవేలితో చర్మం పైకి లాగి పట్టుకుని, చెవి వెనక వంపులో కత్తిని చివరిదాకా తెచ్చి, నురగను అరచేతి అంచుకు తుడిచాడు. తర్వాత రెండో చెవి. ఆ తర్వాత పటిక. చిన్న అద్దం వెనక పట్టి చూపించి, డ్రైవరు తల ఊపాక గానీ గుడ్డ విప్పలేదు.

"పిలుస్తుంటే వినపడదా?"

"వినపడింది. తల చేతిలో ఉంది."

"మా నాన్న పోతూ పోతూ తన చాదస్తమంతా నీకు అంటించి పోయాడు" అన్నాడు బావమరిది.

ఆ ముసలాయన అంటించింది ఆ ఒక్క పద్ధతే. కత్తెర పెట్టిన తలను మధ్యలో వదలకూడదు. కరెంటు పోతే కుర్చీని గుమ్మంలోకి లాక్కుని అయినా పూర్తి చేయాలి. కొడుక్కి ఇది అబ్బలేదు. అతను కత్తెర పట్టలేదు, షాపు పట్టాడు.

దువ్వెన అన్నది వీధి పెట్టిన పేరు. పనిలో ఉన్నా లేకున్నా చెవి మీద దువ్వెన పెట్టుకుని తిరుగుతాడు. నడినెత్తిన వెంట్రుక లేనివాడి చెవి మీద దువ్వెన కనపడితే జనం ఊరుకుంటారా? మొదట్లో వెనక నవ్వేవాళ్ళు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. అతను పలకడం మొదలుపెట్టాడు.

ఒకప్పుడు అతని కుర్చీ కిటికీ పక్కన మొదటిది. షాపుకి కొత్త బోర్డు కట్టిన రోజున చివరి కుర్చీకి మార్చారు. చేతులు కడిగే తొట్టి పక్కన, తడి తువ్వాళ్ళ బుట్ట ఎదురుగా. "జుట్టు మొలిపించే షాపు బావా ఇది. రోడ్డు మీదికి కనపడేచోట బట్టతల నిలబడితే ఎవడొస్తాడు?" అన్నాడు బావమరిది. అన్నవాడే కొన్నాళ్ళకు ఇంకో మాట తెచ్చాడు. తల ఇయ్యి, సగానికి సూదులు వేయిస్తాను, మొలిస్తే రెండో సగానికీ వేయిస్తాను, మొదటి కుర్చీ దగ్గర మళ్ళీ నువ్వే పని చేసుకో. దువ్వెన తల ఇచ్చాడు. జుట్టు కోసం కాదు, కుర్చీ కోసం అని భార్యతో చెప్పాడు. అందులో సగమే నిజం.

మేడ మీద గది ఒకప్పుడు పాత కుర్చీలు పడేసిన కొట్టు. ఇప్పుడు తెల్ల రంగు వేసి, వెనక్కి వాలే కుర్చీ ఒకటి, గుండ్రటి దీపం ఒకటి పెట్టారు. సూదమ్మ అంతకుముందు చర్మం ఆసుపత్రిలో పనిచేసింది. మిషను అమ్మిన కంపెనీ ఆమెను మధ్యాహ్నాలు ఇక్కడికి పంపుతోంది. వచ్చిన రోజే కింద ఉన్నవాళ్ళు ఆ పేరు పెట్టేశారు. ఆమె కోప్పడలేదు.

కనుబొమల పెన్సిలుతో ఎప్పటిలాగే నుదుటి మధ్య నుంచి వెనక సుడిదాకా గీత గీసింది. గీతకు ఎడమ పక్క మత్తుమందు పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, నానిన తర్వాత తుడిచింది. స్పిరిట్ దూది అద్దింది. సూదుల బిళ్ళ పొట్లాన్ని అతని కళ్ళ ముందు చింపి మిషనుకు బిగించింది. లావుపాటి పెన్నులాంటి మిషను. మీట నొక్కగానే అగ్గిపెట్టెలో పెట్టిన తుమ్మెదలా రొద చేసింది.

ఆమె రెండు వేళ్ళతో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుని వరసలు వరసలుగా నడిపించింది. దువ్వెనకు ఆమె మీద గురి కుదిరింది ఆ రెండు వేళ్ళను చూసే. చర్మం లాగి పట్టడం తెలియనివాళ్ళ చేతికి కత్తి ఇచ్చినా, సూది ఇచ్చినా ఒకటే.

"నుదుటి దగ్గర కాస్త మంటగా ఉంటుంది. ఓర్చుకోండి అన్నయ్యా."

"కానీ అమ్మా."

రక్తం ఆవగింజల్లా పైకి వచ్చింది. తడి గుడ్డతో అద్ది, గీతకు అటూ ఇటూ చూసింది. ఎడమ పక్క నల్లగా, వేలి కణుపులో సగం పొడుగున జుట్టు. ఒత్తుగా లేదు, కానీ ఉంది. రోడ్డు అవతల నుంచి చూసినా కనపడుతుంది. కుడి పక్క అద్దంలా నున్నన.

"మీకు బాగానే పనిచేసింది. అందరికీ ఇలా రాదు. కొందరికి ఎన్నిసార్లు వేసినా నూగు కూడా రాదు."

"అట్లా అయితే నాది అదృష్టమే."

"ఆ పక్క ఎప్పుడు మొదలుపెడదాం మరి? దానికీ ఇన్ని నెలలు పడుతుంది. ఆలస్యం చేస్తే ఇలాగే ఎత్తుపల్లాలుగా ఉండిపోతారు."

దువ్వెన గుమ్మం వైపు చూశాడు. బావమరిది అక్కడే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

"ముందు ఈ గది ఓపెనింగ్ కానీ" అన్నాడు తలెత్తకుండా.

*

"కదలకు" అంది భార్య.

దువ్వెన గుమ్మంలో ఆగాడు. ఆమె పళ్ళెం పట్టుకుని ముందు ఎడమ పక్కకు, తర్వాత కుడి పక్కకు వంగి చూసింది.

"ఇటు నుంచి చూస్తే కొత్త మొగుడు. అటు నుంచి చూస్తే పాత మొగుడు. ఎవరికి ముందు వడ్డించను?"

"ఆకలైనవాడికి వడ్డించు."

"పాతవాడికే ఎప్పుడూ ఆకలి."

ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. కానీ వీధి మలుపులో కూరగాయలు కొనేటప్పుడు ఆమె తనకు కుడి పక్కన నడవడం మానేసిందని అతనికి తెలుసు. ఎప్పుడూ ఎడమ పక్కనే నడుస్తోంది. బట్టతల తన కంట పడకూడదనో, దాని పక్కన తాను ఎవరి కంటా పడకూడదనో అతను అడగలేదు.

తిన్న తర్వాత ఆమె అతని పనిసంచి ముందు పెట్టుకుని కూర్చుంది. వారం వారం కత్తులకు పదును పెట్టేది ఆమే. తోలుపట్టీని కిటికీ ఊచకు తగిలించి, చివర చేత్తో బిగించి, కత్తిని ఒక మెలికతో పైకీ కిందికీ తిప్పింది. పట్టీ మీద చప్పుడు ఒకేలా వస్తోంది. ముంజేతి మీద నూగును తాకించి చూసింది.

"వాడు ఆ పక్క చేయిస్తాడంటావా?" అంది.

"అన్నాడు కదా."

"నా తమ్ముడు అనడానికేం? అమ్మను చివరిదాకా చూస్తానని కూడా అన్నాడు. చూసింది ఎవరు?"

ఆమె ఇంకో కత్తి విప్పింది.

"నాన్న మాత్రం? ఆడపిల్లవి, నీకు కత్తెందుకు అనేవాడు నేను పట్టీ దగ్గరికి పోతే. మంచం పట్టాక వాడు గడ్డం గీస్తే మొహమంతా గాట్లు. అప్పుడు మాత్రం అమ్మాయిని పిలవండి అన్నాడు. షాపు రాసింది మళ్ళీ వాడికే."

"ఇప్పుడదంతా ఎందుకే?"

"ఎందుకూ లేదు" అని ఆమె కత్తి మడిచి సంచిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు అతను గోడ అద్దం ముందు నిలబడ్డాడు. చెవి మీద నుంచి దువ్వెన తీశాడు. ఇన్నేళ్ళుగా ఎవరెవరి తలలో దువ్విన దువ్వెన. దాన్ని ఎడమ పక్క నుదుటి దగ్గర ఆనించి మెల్లగా వెనక్కి లాగాడు. పళ్ళ మధ్య వెంట్రుకలు తగిలిన సన్నటి చప్పుడు. ఇంకోసారి లాగాడు. బిందె చప్పుడు విని దువ్వెనను మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

*

షాపు గుమ్మం పైన గుడ్డ బోర్డు కడుతున్నారు. దగ్గరికి వెళితే గానీ అది తన తల అని దువ్వెనకు తెలియలేదు. కనుబొమలదాకా కోసేసి, తలను మాత్రం మంచమంత పెద్దది చేశారు. మధ్యలో గీత. ఒక పక్క నలుపు, ఒక పక్క నున్నన. కింద 'తేడా మీరే చూడండి' అని అక్షరాలు. ఎడమ పక్క జుట్టు అతనికి అద్దంలో కనపడేదానికంటే రెండింతలు ఒత్తుగా ఉంది.

"ఇంత జుట్టు నాకు లేదే?"

"వెలుతురు అట్లా పడింది బావా" అన్నాడు బావమరిది. "రేపు కాక ఎల్లుండి ఓపెనింగ్‌కి కంపెనీ పెద్దాయన ఫొటోల మనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. నిన్ను కళ్ళారా చూస్తేనే ఇంకో మిషను అప్పగిస్తాడు. నువ్వొచ్చి ఇక్కడ కూర్చో."

మొదటి కుర్చీ చూపించాడు. దువ్వెన కూర్చోలేదు. అలవాటు కొద్దీ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చేయి దానంతటది సొరుగు మీదికి పోయింది. సొరుగులో జెల్ సామాను ఉంది. జెల్ అంటే ఇప్పుడు ఆ కుర్చీ దగ్గర పని చేసే కుర్ర పనివాడు. వచ్చినవాడి తలకు కటింగు కంటే ముందు అదే పులుముతాడు.

"నిలబడ్డం కాదు, కూర్చో. జెల్లూ, ఆ మిషను తీసుకో. బావకు కుడి పక్క చెవి మీద ఉన్నది మొత్తం తీసెయ్యి. సున్నాలో పెట్టు."

"చెవి పక్కది ఎందుకు?" అన్నాడు దువ్వెన. "అది ఎప్పుడూ ఉన్నదే కదా. దానికీ సూదులకూ సంబంధం లేదు."

"తేడా తెలియాలి కదా బావా."

"ఉన్నది తీసేసి తేడా అంటే ఎట్లా?"

"తీసేది జుట్టే గదా, చెవి కాదు గదా" అన్నాడు బావమరిది. జెల్ కిసుక్కున నవ్వి, యజమాని మొహం చూసి ఆపేశాడు.

మిషను మెడ దగ్గర నుంచి పైకి పోయింది. ఆ చెవి మీద కాస్తో కూస్తో నెరిసిన జుట్టు, అతను యవ్వనం నుంచి కాపాడుకుంటున్నది, భుజం మీద పడింది. జెల్ చర్మం లాగి పట్టలేదు. చెవి వెనక రెండుచోట్ల మిషను కొరికింది. అద్దంలో ఇప్పుడు మనిషి నిట్టనిలువునా రెండు ముక్కలుగా ఉన్నాడు.

దువ్వెన గుడ్డ కింద చేతులు పెట్టుకుని అడిగాడు.

"ఈ పక్క సూదులు ఎప్పుడు?"

బావమరిది ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మంచి మాట చెప్పబోయేవాడిలా మోకాలి మీద చేయి వేశాడు.

"ఆలోచించు బావా. ఆ పక్క కూడా మొలిస్తే ఇక చూపించడానికేం ఉంటుంది? రెండు పక్కలా జుట్టున్న మనిషిని కిటికీలో కూర్చోబెడితే పుట్టినప్పటి నుంచీ ఉందనుకుంటారు. ఒక్క ఏడాది ఓపిక పట్టు."

"ఏడాది ఇట్లాగే తిరగాలా?"

"బయట టోపీ పెట్టుకో. ఎవరొద్దన్నారు? షాపులో మాత్రం తియ్యి."

"పనో?"

"పని జెల్ చూసుకుంటాడు. నువ్వు ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోబెట్టి జీతం ఇచ్చేవాడు ఎక్కడైనా ఉన్నాడా? అక్క ఏమైనా అంటే నేను మాట్లాడతానులే."

మోకాలి మీద రెండుసార్లు తట్టి లేచాడు. ఇవ్వాల్సిందంతా ఇచ్చేసినవాడి నడక అది.

*

తర్వాతి రోజంతా దువ్వెన కిటికీలో కూర్చున్నాడు. పొద్దున్నే బావమరిది ఒక డబ్బా తెచ్చి ఎడమ పక్క నల్లటి పొడి చల్లాడు. జుట్టుకు అంటుకుని ఒత్తుగా కనిపిస్తుందట. చేయి పెట్టకు, చెమట తుడవకు అన్నాడు.

కూర్చోవడం అతనికి రాదు. పొద్దస్తమానం నిలబడే మనిషి. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన జెల్ కత్తెర ఆడిస్తుంటే ఖాళీ చేతివేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. బడి పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి చూశారు. ఒకడు ఇటు పక్క, ఇంకోడు అటు పక్క నిలబడి తలా ఒక తాతను పంచుకున్నారు. టీ కొట్టువాడు గ్లాసు ఇస్తూ, "ఏ పక్క నోటితో తాగుతావు దువ్వెనా?" అన్నాడు.

జనం లోపలికి వచ్చారు. రావడం నిజమే. కొందరు టోపీలు తీసి తమ తలలు చూపించారు. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన చాలాసేపు అతని తల చుట్టూ తిరిగాడు.

"మొలిచిందా, అంటించారా?"

"లాగి చూడండి సార్" అన్నాడు బావమరిది. "మొహమాటపడకండి. మా సొంత బావే."

ఆయన నిజంగానే లాగాడు. రెండు వేళ్ళతో కుచ్చు పట్టుకుని, కూర తాజాదో కాదో చూసేవాడిలా గట్టిగా లాగాడు. దువ్వెన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వేళ్ళకు అంటిన నల్లపొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆయన చూశాడని ఇంకొకరు లాగారు. కత్తెర పట్టిన నాటి నుంచి వేల తలలు ముట్టుకున్నాడు దువ్వెన. ఎవరి తలనూ అడగకుండా వంచలేదు.

"మీకెంత కాలానికి వచ్చింది? నాక్కూడా ఇలాగే వస్తుందా?" అని అడిగాడు పెళ్ళి కుదిరిన ఒకతను. నుదురు వెనక్కి పోతోంది పాపం. గొంతులో భయం ఉంది.

"నాకొచ్చింది బాబూ. నీకొస్తుందని నేనెట్లా చెప్పను? కొందరికి రాదట. పైనున్న ఆమెను అడుగు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

అతను మెట్లెక్కకుండా గుమ్మం వైపు నడిచాడు. బావమరిది నవ్వుతూనే వచ్చి దువ్వెన చెవి దగ్గర వంగాడు.

"నిన్ను మాట్లాడమన్నానా? తల చూపించమన్నాను."

సాయంత్రం మాస్టారు వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పి చాలా కాలం కిందట రిటైరైన మనిషి. చెవుల మీద జుట్టు గూడు కట్టింది. ఆయన తల దువ్వెన తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. నేరుగా చివరి కుర్చీ దగ్గరికి వెళ్ళి, అక్కడ మనిషి లేకపోతే వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వు అక్కడ కూర్చున్నావేమిటోయ్? నిన్నెవరు గొరుగుతున్నారు?"

షాపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. దువ్వెన లేవబోయాడు. బావమరిది భుజం మీద చేయి వేశాడు. గట్టిగా కాదు, ఊరికే వేశాడు.

"మాస్టారికి జెల్ చేస్తాడు బావా."

"నాకు జిగురొద్దు నాయనా" అన్నాడు మాస్టారు. దువ్వెన తలను మాత్రం ఆయన నవ్వకుండా చూశాడు. తప్పు చేసిన పిల్లవాడి పలక చూసినట్టు కాసేపు చూసి, "రేపు పొద్దున్నే వస్తాను. రేపైనా నీ కాళ్ళ మీద నిలబడి ఉంటావా?" అన్నాడు.

"రండి మాస్టారూ" అన్నాడు దువ్వెన.

*

తెల్లవారుతుండగా అతను వెనక మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన ఇత్తడి గిన్నెలో వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షు, పనిసంచి. భార్య చీపురు పట్టుకుని వచ్చి ఆ సరంజామా చూసింది.

"ఎవరికి?"

"నాకే. నా తల నేను చేసుకోలేను. వెనక చేయి తిరగదు. జెల్ చేతికి ఇవ్వను."

ఆమె చీపురు గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని వచ్చి అతని వెనక పై మెట్టు మీద కూర్చుంది.

"ఈవేళ కంపెనీవాళ్ళు వస్తారన్నావు."

"వస్తారు."

"వాడు నిన్ను ఉండనివ్వడు."

"ఉండనివ్వడు."

ఆమె చీర చెంగు నడుముకు దోపింది. తర్వాత అతని చెవి మీది దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, తల మీద కప్పి రెండు చేతులతో అదిమింది. నల్లపొడి కారి మెడ మీదికి వచ్చింది. తుడిచింది. ఎడమ పక్క జుట్టు మీద అరచేయి పెట్టి ముందుకూ వెనక్కూ రాసింది. ఇన్ని నెలల్లో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"మెత్తగా ఉందయ్యా. పసిబిడ్డ తలలా ఉంది."

"ఊఁ."

"నీకు ఇష్టమేగా ఇది? దువ్వుకోవడం చూశాను. బిందె కావాలనే చప్పుడు చేశాను."

అతని మెడ ఎర్రబడింది. "ఇష్టమే" అన్నాడు.

"మరి?"

"రెండో పక్క ఉండి ఉంటే ఇంకా ఇష్టంగా ఉండేది. ఇట్లా కాదు. నిన్న ఎవడో కుచ్చు పట్టుకుని లాగాడు. వాడి తర్వాత ఇంకొకడు. నీ తమ్ముడు లాగండి లాగండి అంటున్నాడు."

ఆమె చేయి ఆగింది.

"లాగమన్నాడా?"

"సొంత బావే అన్నాడు."

ఆమె సబ్బు నురగ కట్టి బ్రష్షుతో గుండ్రంగా పూసింది. కత్తి విప్పింది. ఎడమ చేతి బొటనవేలు అతని నుదుటి మీద ఆనించి చర్మం వెనక్కి లాగింది. ఆ బిగువు తగలగానే దువ్వెన కళ్ళు మూసుకున్నాడు. అది మామ చేయి. పట్టు అదే, బరువు అదే. ఇన్నేళ్ళూ ఆ చేయి ఇంట్లో గిన్నెలు తోముతోంది.

కత్తి ముందుకు జరిగింది. వెంట్రుకలు తెగే సన్నటి చప్పుడు నురగ కింద నుంచి వినపడింది.

"గొరిగితే మళ్ళీ మొలుస్తుందేమో" అంది.

"మొలిస్తే మళ్ళీ గొరుగు."

ఎడమ పక్క అయ్యింది. ఆమె ఆగకుండా వెనక్కి, చెవి వంపులోకి, సుడి చుట్టూ తిరిగింది. పటిక రాసి, తడి గుడ్డతో తుడిచి, గీత ఉండిన చోట అరచేయి పెట్టి చూసింది. ఏ పక్క ఏదో చేతికి తెలియలేదు. దువ్వెనను అతని చెవి మీద మళ్ళీ పెట్టింది.

"ఇక లే. మాస్టారు వస్తాడన్నావుగా."

*

మాస్టారు అప్పటికే షాపు మెట్ల మీద ఉన్నాడు. దువ్వెన టోపీ తీస్తే చూసి, పళ్ళు లేని వైపు నోటితో నవ్వాడు.

"ఇప్పుడు లెక్క సరిపోయింది."

చివరి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, దువ్వెన పని మొదలుపెట్టాడు. చెవి మీద గూడు కట్టిన జుట్టును దువ్వెనతో ఎత్తి, కత్తెర అంచున పట్టి, కొంచెం కొంచెంగా దించాడు. జెల్ వచ్చి అతని తల చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సూదమ్మ వచ్చింది. మెట్లెక్కబోయి, సగంలో ఆగి కిందికే చూస్తూ నిలబడింది. ఆ తలకు ఆమె పనిచేసింది. ఆమెకు బాధ కలిగి ఉంటుంది. దువ్వెన ఆమె వైపు చూసి తల వంచాడు.

మాస్టారి కుడి పక్క అయ్యి, కత్తెర ఎడమ పక్కకు తిరిగేసరికి బావమరిది వచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో పూలగుత్తి. ముందు అద్దంలో చూశాడు. తర్వాత నేరుగా చూశాడు.

"ఏమిటిది?"

దువ్వెన కత్తెర ఆపలేదు.

"బావా, నిన్నే. ఏమిటిది? వాళ్ళు వస్తున్నారు. కారు దిగుతున్నారు. ఎవరు చేశారు ఈ పని? జెల్లూ, నువ్వా?"

"అమ్మో, నేను కాదు."

"మీ అక్క చేసింది" అన్నాడు దువ్వెన. "ఒక్క గాటు ఉందేమో చూసుకో."

బావమరిది పూలగుత్తి సోఫా మీద పడేశాడు.

"గుడ్డ విప్పు. సంచి తీసుకుని బయటికి పో. ఇక్కడ నీకు పని లేదు. ఈ క్షణం నుంచి లేదు."

"పోతాను. తల చేతిలో ఉంది."

"జెల్ పూర్తి చేస్తాడు. పో."

జెల్ ఒక అడుగు ముందుకు వేశాడు. మాస్టారు గుడ్డ కింద నుంచి చేయి బయటికి తీసి వేలు చూపించాడు. తరగతి గదిలో వెనక బెంచీని ఆపిన వేలు.

"నా తల ఆయన చేతిలో ఉంది బాబూ. నువ్వు అక్కడే ఉండు."

జెల్ అక్కడే ఉన్నాడు. చేతిలో ఉన్న మిషను వెనక దాచుకున్నాడు.

కంపెనీ పెద్దాయన చల్లద్దాలు తీస్తూ లోపలికి వచ్చాడు. వెనక కెమెరా మనిషి. గుమ్మం పైన బోర్డు వైపు చూసి వచ్చిన కళ్ళతో షాపంతా వెతికాడు. మొదటి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏడీ మన సగం తల మనిషి?"

పెద్దాయన కళ్ళు ఒక్కొక్కరినీ దాటుకుని చివరి కుర్చీ దగ్గర ఆగాయి. అక్కడ ఒక ముసలాయన తల కుడి పక్క పొట్టిగా, ఎడమ పక్క గుబురుగా ఉంది.

"ఈయనేనా?" అన్నాడు అనుమానంగా. కెమెరా మనిషి అప్పుడే కెమెరా ఎత్తాడు.

"కాదు నాయనా" అన్నాడు మాస్టారు. "నాది కాసేపట్లో పూర్తవుతుంది."

మెట్ల మీద సూదమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. బావమరిది పెద్దాయన చేయి పట్టుకుని, పైకి వెళదాం సార్, మిషను చూపిస్తాను సార్, మనిషికి ఒంట్లో బాగాలేదు సార్ అంటూ మెట్ల వైపు నడిపించాడు. పెద్దాయన నడుస్తూ వెనక్కి తిరిగి దువ్వెన తల వైపు ఒకసారి, బోర్డు కట్టిన గుమ్మం వైపు ఒకసారి చూశాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు.

దువ్వెన తొందరపడలేదు. ఎడమ చెవి మీది గూడు దించాడు. మెడ మీద నురగ పూసి, బొటనవేలితో చర్మం లాగి పట్టుకుని, కత్తిని వంపు చివరిదాకా తెచ్చాడు. పటిక రాశాడు. చిన్న అద్దం వెనక పట్టి చూపించాడు. మాస్టారు ఎప్పటికంటే ఎక్కువసేపు చూసుకుని, తల ఊపాడు. అప్పుడు గుడ్డ విప్పి, దులిపి, మడిచి కుర్చీ చేతి మీద వేశాడు. అది షాపు గుడ్డ. కత్తి, కత్తెర, బ్రష్షు తనవి. సంచిలో పెట్టుకున్నాడు.

గుమ్మంలో మాస్టారు అడిగాడు. "వచ్చే నెల ఎక్కడికి రమ్మంటావు?"

"ఇంటికి రండి. వెనక మెట్టు దగ్గర వెలుతురు బాగుంటుంది." కొంచెం ఆగి అన్నాడు. "నేను లేకపోతే మా ఇంటిది చేస్తుంది. చేయి నాకంటే మంచిది."

వీధిలోకి దిగాడు. టోపీ జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. వెనక బోర్డు మీద మంచమంత తల గాలికి కొట్టుకుంటోంది. టీ కొట్టువాడు ఏదో అనబోయి, అతని తల చూసి, అనడానికేమీ దొరక్క గ్లాసులు కడుక్కున్నాడు. దువ్వెన రోడ్డు దాటాడు. ఎండ తలంతా ఒకేలా తగులుతోంది.